పోస్టాఫీసు గురించి మా పర్లాకిమిడి వైపు వినిపించే అపోహలు - వాస్తవాలు

నేను ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్ళే వైపు ఒక పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టర్ని. మా ఇంట్లో ఈ పని చేస్తున్న మూడో మనిషిని. తాత టపా సంచి మోసిన రన్నరు, నాన్న బ్రాంచి పోస్టుమాస్టరు (అప్పట్లో ఈడీ అనేవారు), ఇప్పుడు నేను. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, ఆఫీసు కాగితాలు ఒడియా ఇంగ్లీషుల్లో ఉంటాయి, కొండ మీంచి దిగి వచ్చేవాళ్ళు సవర మాట్లాడతారు, అన్నీ ఒకే కిటికీ దగ్గర జరుగుతాయి. పెళ్ళిళ్ళలో, సంతలో, టీ కొట్టు దగ్గర పోస్టాఫీసు గురించి జనం అనుకునే మాటలు వింటూ ఉంటాను, వాటిలో కొన్ని వట్టి పొరపాటు, కొన్ని వింటే మనసు కష్టపడుతుంది, కొన్నిటి వల్ల మావాళ్ళు నిజంగా డబ్బు పోగొట్టుకుంటున్నారు. అందుకే కూర్చుని రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

అపోహ: "ఇప్పుడు ఉత్తరాలెవరు రాస్తున్నారు, పోస్టాఫీసుకి పనేముంది?"

ఇది అందరూ అనేదే. కార్డు ముక్కలు, ఇన్‌లాండ్ లెటర్లు తగ్గిపోయాయి, అది నిజమే. కానీ మా వైపు పోస్టాఫీసు మొదట్నుంచీ ఉత్తరాల కంటే వలస మీద బతికింది. ఊరొదిలి వెళ్ళినవాడి డబ్బు, వాడి క్షేమం ఇంటికి చేర్చడమే మా అసలు పని, ఆ పని ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

తాత కుర్రతనంలో మా కళింగాంధ్ర జనం రంగం వెళ్ళేవాళ్ళు. రంగూన్ని మావాళ్ళు రంగం అనేవారు. అక్కడి మిల్లుల్లో, ఓడరేవులో కూలి చేసి ఇంటికి మనియార్డరు పంపేవాళ్ళు, ఆ మనియార్డరు పద్ధతి మన దేశంలో 1880 నుంచీ ఉంది. 1941 డిసెంబర్లో జపాను వాళ్ళు రంగం మీద బాంబులు వేశాక మనియార్డర్లు ఆగిపోయాయి. తాత చెప్పేవాడు, సంచి భుజాన వేసుకుని ఊళ్ళోకి వస్తుంటే గజ్జెల చప్పుడు విని ఆడవాళ్ళు పొలిమేర దాకా ఎదురొచ్చేవారట (రన్నరు కర్రకి గజ్జెలు కట్టి ఉండేవి, అడవిదారిలో జంతువులు తప్పుకోడానికి, ఊళ్ళో టపా వచ్చిందని తెలియడానికి), ఏమీ లేదమ్మా అని చెప్పలేక ఆ ఏడాదంతా ఊరి మొదట్లోనే గజ్జెలు చేత్తో పట్టుకుని చప్పుడు రాకుండా నడిచాడట. వెళ్ళినవాళ్ళలో కొందరు నెలల తరబడి నడిచి తిరిగొచ్చారు, కొందరు రాలేదు.

నాన్న కాలానికి రంగం పోయి సూరత్ వచ్చింది. గంజాం, గజపతి జిల్లాల కుర్రాళ్ళు సూరత్ మరమగ్గాల మీదకి వెళ్ళడం అప్పట్నుంచీ ఇప్పటిదాకా నడుస్తూనే ఉంది, తర్వాత కేరళ, చెన్నై కూడా కలిశాయి. మనియార్డరు ఫారం కింద చిన్న కూపను ముక్క ఉండేది, దాన్లో రెండు లైన్లు రాసుకోవచ్చు. "అమ్మకి మందులు కొను, మిగతాది బుగతకి ఇయ్యి" లాంటివి (బుగత అంటే భూమి ఆసామి). సంతకం రానివాళ్ళకి వేలిముద్ర, పక్కన తెలిసినవాడి సాక్షి సంతకం. ఆ కూపన్ల మీద రాసినవి ఇంటింటికీ చదివి వినిపించింది నాన్నే.

ఇప్పుడు నా దగ్గర అదే వేలిముద్ర మెషీన్ మీద పడుతోంది. సూరత్లో కొడుకు బ్యాంకులో వేస్తాడు, ఇక్కడ తల్లి ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే నేను నోట్లు లెక్కపెట్టి ఇస్తాను. ఆ ఖాతా పోస్టాఫీసుదే కానక్కర్లేదు, ఆధార్ లింకు ఉన్న ఏ బ్యాంకు ఖాతా నుంచైనా ఇవ్వొచ్చు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు దేశమంతా మొదలైంది 2018 సెప్టెంబర్ 1న, ఆ తర్వాతే మాలాంటి పల్లెలకి ఇది వచ్చింది. 2024 సెప్టెంబర్లో ఒడిశాలో సుభద్ర పథకం మొదలైనప్పుడు చూడాలి, 21 నుంచి 60 ఏళ్ళ ఆడవాళ్ళకి ఏడాదికి 10 వేలు, 5 వేల చొప్పున రెండు విడతలు, ఆధార్‌కి లింకైన ఖాతాలోనే పడతాయి. మా అరుగు మీద పొద్దున్న ఆరింటి నుంచి లైను. భోజనం చేతిలో పట్టుకుని పని చేసిన రోజులవి.

ఒక్క కష్టం చెప్పాలి. మా వైపు జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు చాలామంది. జీడి నూనె తగిలి వేళ్ళ చర్మం ఊడిపోతుంది, గీతలు అరిగిపోతాయి, మెషీన్ ఒప్పుకోదు. ఒకావిడ, వరసకి నాకు పిన్ని అవుతుంది, వేలు మీద వేలు పెట్టి పదీ అయిపోయాక "నా సెయ్యి నాది కాదంటందేటి నాయినా" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అలాంటప్పుడు చెయ్యి గోరువెచ్చని నీళ్ళతో కడిగించి, తుడిచి, కొంచెం కొబ్బరి నూనె రాసి, కాసేపాగి మళ్ళీ పెట్టిస్తాను, సీజన్ లేని నెలలో అయితే ఎక్కువసార్లు పడుతుంది. మీ ఇంట్లో ఇలాంటివాళ్ళుంటే జీడి పని లేని రోజుల్లో, చర్మం మానాక ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్ళి వేలిముద్రలు అప్‌డేట్ చేయించండి, డబ్బు అవసరం పడ్డాక పరిగెత్తడం కాదు.

ఇంక సంచిలో వచ్చేవి అంటారా, ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, ఏటీఎం కార్డులు, పాస్‌పోర్టులు, కోర్టు నోటీసులు, ఎల్‌ఐసీ కాగితాలు, శ్రావణ పౌర్ణమికి రాఖీలు. ఉత్తరం ఆలస్యమైతే మనసు నొచ్చుకునేది, వీటిలో ఒకటి ఆలస్యమైతే మనిషి పనే ఆగిపోతుంది.

అపోహ: "ఊరి పేరు, జిల్లా రాస్తే చాలు, పిన్ ఏదైనా పర్లేదు"

బోర్డర్లో ఉన్నవాళ్ళు దయచేసి ఇది శ్రద్ధగా చదవండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. ఆ రోజు గీత గీసినప్పుడు పర్లాకిమిడి ఇటొచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటుండిపోయింది. రెండింటి మధ్య సైకిల్ మీద వెళ్ళేంత దూరం, మధ్యలో మహేంద్రతనయ నది, చుట్టరికాలన్నీ అటూ ఇటూ. కానీ పిన్ కోడ్‌కి అవి రెండు వేరే లోకాలు. పర్లాకిమిడి 761200, పాతపట్నం 532213. మొదటి అంకె 7 ఉంటే బెంగాల్, ఒడిశా, ఈశాన్యం వైపు వెళ్తుంది, 5 ఉంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక వైపు. అంటే మొదటి అంకె తప్పు పడితే నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఇంటికి రావాల్సింది ముందు ఇంకో రాష్ట్రం మొత్తం తిరిగి రావాలి.

పిన్ పెట్టిందే ఇందుకు. ఒకే పేరుతో ఊళ్ళు, ఒక్కో భాషలో ఒక్కో స్పెల్లింగ్. మా టౌన్‌నే చూడండి, తెలుగులో పర్లాకిమిడి, ఒడియాలో పారళాఖెముండి, ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్ళు. శ్రీరామ్ భికాజీ వెలంకర్ అనే అధికారి ఈ పద్ధతి తయారు చేశారు, ఆయన సంస్కృత కవి కూడా. 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. నాన్న డ్యూటీలో చేరింది కూడా ఆ సంవత్సరమే, అందుకని ఆయనకి పిన్ అంటే తోడబుట్టినట్టు, అడ్రసు మీద ఆరంకెలు లేకపోతే ఆ కవరుని చేతిలో తిప్పుతూ ఉండిపోయేవారు.

ఇంకొకటి, బ్రాంచి పోస్టాఫీసులకి విడిగా పిన్ ఉండదు. పై డెలివరీ ఆఫీసు పిన్నే దాని కింది పల్లెలన్నిటికీ. అందుకే పిన్ రాశాం కదా అని ఊరి పేరు వదిలేయకండి, బ్రాంచి ఆఫీసు పేరు, వయా ఏ ఆఫీసు అన్నది, ఫోన్ నంబరు, మూడూ రాయండి. మా ఊరి కుర్రాడొకడు ఇంటర్వ్యూ అప్లికేషన్లో అలవాటు మీద తను చదువుకున్న ఊరి పిన్ రాశాడు. కాల్ లెటర్ అటు తిరిగి ఇటు తిరిగి నా సంచిలో పడేసరికి ఇంటర్వ్యూ అయిపోయి నాలుగు రోజులు. ఆ కవరు వాడి చేతికి ఇవ్వడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను.

అపోహ: "పోస్టోళ్ళు అందరి ఉత్తరాలూ చదివేస్తారు"

మూసిన కవరు తెరిస్తే ఉద్యోగం పోతుంది, అది సూటి మాట. కార్డు ముక్క అయితే తెరిచే ఉంటుంది, ముద్ర వేస్తుంటే కళ్ళబడుతుంది. కానీ పల్లెటూళ్ళో చదవడం అన్నది వేరు. చదువు రానివాళ్ళు చదివి పెట్టమని అడిగేవాళ్ళు, జవాబు రాసి పెట్టమనేవాళ్ళు. నాన్న "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి ఆ తర్వాత వాళ్ళు ఎలా చెప్తే అలా రాసేవారు, ఆవు ఈనింది, అప్పకి (అక్కకి) నెలలు నిండాయి, గుంటడు నడుస్తన్నాడు అని. గిడుగు రామమూర్తి పంతులు గారు మా పర్లాకిమిడిలోనే ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చుకుని, జనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడారు, ఆయన పోరాటం పుస్తకాల్లో ఎప్పుడు గెలిచిందో గానీ మా అరుగు మీద రాసిన ఇన్‌లాండ్ లెటర్లలో ఎప్పుడూ ఆ భాషే.

చావు కబురు కార్డుకి మూల చింపి పంపేవారు. సంచిలో అలాంటి కార్డు కనబడితే నాన్న దాన్ని వేరే జేబులో పెట్టుకునేవారు. ఆ ఇంటికి వెళ్ళి ముందు "అన్నాలయ్యాయా" అని అడిగేవారు. కాలేదంటే గుమ్మం దగ్గరే కూర్చుని ఏదో మాట్లాడుతూ వాళ్ళు తిని చెయ్యి కడుక్కునేదాకా ఆగేవారు, అప్పుడిచ్చేవారు. ఎందుకంటే ఆ తర్వాత ఆ పూట ఇంక పొయ్యి వెలగదు. ఎవరింటి సంగతీ ఆయన మా అమ్మతో కూడా అనలేదు. అమ్మ ఇప్పటికీ చెప్తుంది, ఊరందరికీ తెలిశాకే నాకు తెలిసేది అని.

అపోహ: "రిజిస్టర్ పోస్టు తీసేశారు, పోస్టు డబ్బాలు కూడా పీకేస్తున్నారు"

2025లో వాట్సాప్‌లో ఇది బాగా తిరిగింది. జరిగింది ఇంతే. ఆ ఏడాదే రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపారు. అడ్రసు మీద ఉన్న మనిషికే ఇవ్వాలి అనుకుంటే స్పీడ్ పోస్టు మీదే రిజిస్ట్రేషన్ అదనంగా పెట్టించుకోవచ్చు. ఎర్ర డబ్బాలు ఉన్నాయి, మా అరుగు కింద ఉన్నది రోజూ తాళం తీసి చూస్తాను. పూర్తిగా ఆగిపోయింది టెలిగ్రాం, అది 2013 జులైలోనే. రెండూ కలిపేసుకుంటున్నారు జనం.

అపోహ: "పోస్టాఫీసులో వేస్తే డబ్బు పోస్టుమాస్టరు చేతిలో ఉన్నట్టే"

పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు 1882 నుంచి ఉంది, అందులో మీరు వేసే ప్రతి రూపాయికీ కేంద్ర ప్రభుత్వం హామీ. నా చేతిలో ఉన్నట్టు కాదు. కానీ ఒక్కటి నిజం, మధ్యలో మనిషి ఉన్నచోట మోసం జరిగే సందు ఉంటుంది, జరిగిన చోట్లు కూడా ఉన్నాయి. కాబట్టి నేను మా ఊళ్ళో అందరికీ చెప్పేదే మీకూ చెప్తున్నా, పాస్‌బుక్ ఎంత నమ్మకస్తుడి దగ్గరైనా వదిలి వెళ్ళొద్దు, నా దగ్గర కూడా. డబ్బు ఇచ్చినప్పుడే ఎంట్రీ, తేదీ ముద్ర, సంతకం, మెషీన్ రసీదు చూసుకోండి, ఫోన్ నంబరు ఖాతాకి కలిపించుకుంటే మెసేజ్ వస్తుంది. ఆడపిల్లల పేరు మీద తెరిచే సుకన్య ఖాతా అయినా, నెలనెలా కట్టే ఆర్‌డీ అయినా ఇదే పద్ధతి. పేమెంట్స్ బ్యాంకు ఖాతా, పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా రెండూ ఒకటి కావు, మొదటిదాంట్లో రోజు చివరికి 2 లక్షల పైన ఉంచకూడదు, రెండింటినీ లింకు చేయించుకుంటే 2 లక్షలు దాటినది పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలోకి వెళ్తుంది.

2013 ప్రాంతంలో ఒడిశాలో చిట్‌ఫండ్ కంపెనీలు వరసగా కూలిపోయినప్పుడు మా ఊరివాళ్ళూ పోగొట్టుకున్నారు. వాళ్ళలో సగం మంది అంతకుముందు నాన్న దగ్గర ఆర్‌డీ మూసేసి, "మీ వడ్డీ దేనికి సరిపోద్ది మాష్టారూ" అని వెళ్ళినవాళ్ళే. తర్వాత మళ్ళీ వచ్చి వంద రూపాయల ఆర్‌డీ మొదలుపెట్టారు. నాన్న ఒక్క మాట కూడా అనకుండా ఫారం నింపారు.

అపోహ: "మీకేంటండీ, సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగం"

పెళ్ళిచూపుల దగ్గర్నుంచి అప్పు అడిగేవాళ్ళ దాకా ఇదే మాట. బ్రాంచి పోస్టుమాస్టరు గ్రామీణ్ డాక్ సేవక్. 2001 దాకా మమ్మల్ని ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు అనేవారు, అదే నాన్న చెప్పే ఈడీ. 1977లో సుప్రీంకోర్టు మాది సివిల్ పోస్టే, అంటే ప్రభుత్వం కింది పోస్టే అని చెప్పింది, అయినా రెగ్యులర్ సర్వీసు బయటే. మాకు వచ్చేది జీతం కాదు, టీఆర్‌సీఏ అంటారు, అంటే పని గంటల్ని బట్టి ఇచ్చే భత్యం, 2018 జులై 1 నుంచి బీపీఎంకి (బ్రాంచి పోస్టుమాస్టరుకి) నాలుగు గంటల పనికి 12,000, ఐదు గంటలకి 14,500, దాని మీద డీఏ. 65 ఏళ్ళకి దిగిపోవాలి, రెగ్యులర్ వాళ్ళలా పెన్షన్ లేదు. ఆఫీసు నడపడానికి గది మేమే చూపించాలి, మా అరుగు పక్క గది నాన్న కాలం నుంచీ అందుకే. వేరే ఆదాయం కూడా ఉండాలని రూల్లోనే ఉంది, నాకు ఎకరంన్నర పొలం, మా ఆవిడకి కుట్టు మెషీన్.

గంటలు కాగితం మీద నాలుగైదే. కానీ ఊళ్ళో ఎవరికి రాత్రి ఆసుపత్రికి డబ్బు కావాలన్నా మా తలుపే కొడతారు, ఆఫీసు టైం అయిపోయిందమ్మా అని లోపల్నుంచి చెప్పడం మా ఇంట్లో ఎవరికీ చేతకాలేదు.

అపోహ: "నాన్న ఉద్యోగం కొడుక్కి వచ్చింది"

నన్ను చూసి అందరూ ఇదే అనుకుంటారు, అందుకే దీని గురించి కాస్త గట్టిగా చెప్తాను. ఈ పని వారసత్వం కాదు. డ్యూటీలో ఉండగా మనిషి పోతే ఆ కుటుంబం కారుణ్య నియామకానికి అర్జీ పెట్టుకోవచ్చు, అక్కడ కూడా తప్పకుండా వస్తుందని లేదు. నాన్న 65 నిండి దిగిపోయారు, నాకు ఏ హక్కూ లేదు. దాదాపు రెండేళ్ళు పక్క ఊరి బీపీఎం గారు మా ఆఫీసు అదనంగా చూసుకున్నారు, ముద్ర, పెట్టె, లక్క అన్నీ మా గది నుంచి ఆటోలో వెళ్ళిపోయాయి. ఆ గది ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా నాన్న పొద్దున్నే తుడిపించేవారు. తర్వాత నోటిఫికేషన్ పడితే ఎవరెవరో పెట్టుకున్నట్టే నేనూ పెట్టుకున్నా, పదో తరగతి మార్కుల మీద వచ్చింది.

అపోహ: "తెలుగువాళ్ళం కదా, ఒడిశాలో తెలుగు ఊళ్ళకి తెలుగు వస్తే చాలు"

చాలదు. ఏ రాష్ట్రంలో పోస్టుకి పెట్టుకుంటే ఆ రాష్ట్రానికి నోటిఫికేషన్లో చెప్పిన స్థానిక భాష పదో తరగతి దాకా చదివి ఉండాలి. ఒడిశాకి ఒడియా. ఇక్కడే మా బోర్డరు పిల్లలు దెబ్బతింటున్నారు. తెలుగు మీద ప్రేమతో పిల్లల్ని పాతపట్నం వైపు స్కూల్లో వేస్తారు, పదిలో మంచి మార్కులు వస్తాయి, తీరా మా ఊరి పోస్టు పడితే ఒడియా లేదని ఆగిపోతారు. అటు ఆంధ్రలో పెట్టుకోవచ్చు, భాష సరిపోతుంది, కానీ బీపీఎం అయితే అక్కడే ఇల్లు చూసుకుని ఉండాలి. నాన్న నన్ను ఒడియా మీడియంలో వేసి రాత్రిళ్ళు ఇంట్లో తెలుగు నేర్పారు, పాత కూపన్ల వెనక అక్షరాలు దిద్దించేవారు. బంధువులు తప్పు పట్టారు అప్పుడు. పిల్లాడు ఏడో తరగతిలో ఉండగానే ఆలోచించండి, పది అయిపోయాక చేయగలిగింది ఏమీ ఉండదు.

అపోహ: "రెండు లక్షలు ఇస్తే వేయిస్తారు"

ఎవ్వరూ వేయించలేరు. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, పదో తరగతి మార్కుల మీద కంప్యూటర్ తీసే మెరిట్ లిస్టు. లెక్కలు, ఇంగ్లీషు పాసై ఉండాలి, 18 నుంచి 40 ఏళ్ళు (రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి సడలింపు ఉంటుంది), సైకిల్ తొక్కడం, కంప్యూటర్ తెలిసి ఉండాలి. ఫీజు 100 రూపాయలు, ఆడవాళ్ళకీ ఎస్సీ ఎస్టీలకీ వికలాంగులకీ అదీ లేదు. కిందటేడు కొండ దిగువ పల్లెలో ఒక తండ్రి గొర్రెలమ్మి ఎవడికో 40 వేలు కట్టాడు, అతని కూతురికి మార్కులు బాగా వచ్చాయి, కట్టకపోయినా పేరు వచ్చేదే.

ఈసారి నోటిఫికేషన్ పడితే ఎవరికీ రూపాయి ఇవ్వకండి. మార్కుల మెమో, ఆధార్, ఫోటో పట్టుకుని మధ్యాహ్నం మూడు దాటాక మా అరుగు మీదకి రండి, అప్పటికి సంచి కట్టి పంపేసి ఉంటాను, ఒడియా సబ్జెక్టు ఉందో లేదో మెమో చూసి చెప్తాను, ఫారం కూర్చుని కలిసి నింపుదాం.